నడిపేవారి లోపం

సర్వీస్ సెంటర్ కౌంటర్ మీదుగా తన వైపు జరిగిన కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. బండి నంబరు, తేదీ, తిరిగిన కిలోమీటర్లు అన్నీ సరిగానే ఉన్నాయి. కింద, కుదుపుకు కారణం అన్నచోట, నీలం సిరాతో రెండు మాటలు రాసి వాటి కింద గీత కూడా గీశారు. నడిపేవారి లోపం.

"ఇదేంటండీ?" అంది.

కౌంటర్ వెనక టై కట్టుకుని కూర్చున్న సూపర్‌వైజర్ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "అదే మేడమ్. బండిలో ఏమీ లేదు."

"మీరు నడిపి చూశారా?"

"నడపక్కర్లేదు. మిషన్ పెట్టి చూశాం, ఎర్రర్ ఒక్కటీ చూపించలేదు."

"మొదటి గేరు నుంచి రెండోది పడేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉంటోందండీ. మలుపులో నెమ్మదిగా వెళ్తుంటే ఉన్నట్టుండి పట్టు వదిలేస్తోంది. ఆయిల్ కారుతోందని మీ దగ్గర ఇచ్చాను. మీరు క్లచ్ మూత విప్పి బిగించిచ్చిన రోజు నుంచే ఇది మొదలైంది. అంతకుముందు మూడేళ్ళలో ఒక్కసారి కూడా లేదు."

అప్పుడతను తల ఎత్తాడు. ఆమె ముఖం వైపు కాదు, కౌంటర్ మీద ఉన్న ఆమె ఎడమచేతి వైపు చూశాడు. మణికట్టు చుట్టూ తెల్లటి కుట్ల మచ్చ, సగం వరకే ముడుచుకునే నాలుగు వేళ్ళు.

"ఏం అనుకోకండి మేడమ్. ఎడమచేతికి పట్టు లేకపోతే ఏ బండైనా కుదుపుతుంది. ఇలాంటి పెద్ద బండ్లు మీలాంటివాళ్ళకి కాదు. హాయిగా ఒక స్కూటర్ తీసుకోండి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచకుండా అడిగింది.

"ఈ బండికి ఎడమచేత్తో చేసే పని ఏముందో చెప్పండి."

"అంటే?"

"క్లచ్ లివర్ ఉందా దీనికి?"

అతను మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు. "లేదనుకోండి. అయినా బ్యాలెన్స్ అంటూ ఒకటి ఉంటుంది కదా. సరే, మీకంత అనుమానంగా ఉంటే బండి వదిలేసి వెళ్ళండి. క్లచ్ సెట్ మొత్తం మార్చేద్దాం. మూడు వారాలు పడుతుంది. కాగితం మీద మాత్రం ఇదే ఉంటుంది. వారంటీ వర్తించదు."

వెనక షెడ్డులో ఏదో బండి చక్రం బిగిస్తున్న పెద్ద మెకానిక్ ఒకసారి ఇటు చూసి మళ్ళీ తల వంచుకున్నాడు. ఆమె ఆ చూపు గమనించింది గానీ దాని అర్థం అప్పుడు తెలియలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

బజారులో అందరూ ఆమెను కాటా అక్క అంటారు. దుకాణాల్లో తూకం వేసే కాటాలు బాగుచేయడం ఆమె పని. కాటా తప్పు చూపిస్తోందని ఫోన్ వస్తే, పరీక్ష చేసే ఇత్తడి తూకపు రాళ్ళ పెట్టె బండి వెనక కట్టుకుని వెళ్ళి, విప్పి, తుడిచి, సరిచేసి, సున్నా చూపించి వస్తుంది. నాలుగేళ్ళ క్రితం ఒక దుకాణంలో కాటా ఎత్తుతుంటే గాజు కౌంటర్ పగిలి మణికట్టు మీద పడింది. తెగిన నరాలు కుట్టారు. చెయ్యి మిగిలింది, పట్టు మిగల్లేదు. హ్యాండిల్‌ను పట్టుకోగలదు గానీ క్లచ్ లివర్‌ను నొక్కి పట్టలేదు. ఆరు నెలలు ఆటోల్లో రాళ్ళు మోసుకుని తిరిగింది. ఆ తర్వాతే ఈ బండి కొంది. ఇందులో క్లచ్‌లు లోపల రెండుంటాయి. మొదటిది ఒకటి, మూడు, అయిదు గేర్లది. రెండోది రెండు, నాలుగు, ఆరు గేర్లది. ఒకటి వదులుతుంటే ఇంకొకటి పట్టుకుంటుంది. ఆయిల్ ఒత్తిడితో ఆ పనంతా బండే చూసుకుంటుంది. నడిపేవాళ్ళు కుడిచేత్తో వేగం, బ్రేకు చూసుకుంటే చాలు.

అలాంటి బండి గురించి ఆ రెండు మాటలు రాశారు.

దారి పొడవునా మనసులో అతనితో వాదిస్తూనే ఉంది. రైల్వే గేటు దాటాక ఎత్తు మీద ఎడమవైపు మలుపు ఉంది. ముందు చెత్త బండి నెమ్మదిగా పోతుంటే ఆమె కూడా వేగం తగ్గించింది. సరిగ్గా మలుపు మధ్యలో బండి పట్టు వదిలేసింది. చక్రానికి బలం అందక బండి ఎడమకు ఒరిగింది. ఆమె కాలు కింద పెట్టేలోపే మళ్ళీ పట్టుకుని ఒక్కసారిగా ముందుకు దూకింది. బండి ఒకవైపు పడింది, ఆమె ఇంకోవైపు. వెనక వస్తున్న బస్సు కీచుమంటూ రెండు అడుగుల దూరంలో ఆగింది.

మోకాలు చీరుకుపోయింది. అదేమీ పట్టించుకోకుండా పెట్టె దగ్గరికి వెళ్ళింది. మూత ఊడి, అయిదు కిలోల ఇత్తడి రాయి దొర్లుకుంటూ కాలువ గట్టు రాతికి కొట్టుకుంది. దాని అంచు నొక్కుకుపోయింది. చూసేవాళ్ళకి అదొక గీత. ఆమెకు మాత్రం ఆ రాయి ఇక రాయి కాదు. ఇత్తడి పిసరు రాలినా ఆ రాయి చెప్పే మాట అబద్ధమే. దాన్ని పెట్టి ఇంకొకరి కాటాను పరీక్షించలేదు.

బస్సు డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "చూసుకుని నడపొచ్చుగా తల్లీ!"

ఆ మాట అతను బెదురుకొద్దీ అన్నాడని ఆమెకు తెలుసు. అయినా ఆ మాటే గుచ్చుకుంది. నడిపేవారి లోపం. రోడ్డు కూడా అదే మాట అంటోంది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వరండాలో కూర్చుని కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి దినపత్రికలో గళ్ళనుడికట్టు నింపుతోంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. కోడలి మోకాలు చూసి కలం పక్కన పెట్టింది.

"ఎవరు గుద్దారు?"

"ఎవరూ గుద్దలేదత్తయ్యా. నేనే పడ్డాను."

"నువ్వు పడే మనిషివి కాదే!"

ఆ మాట వినగానే, అంతసేపూ బిగబట్టుకున్న ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం తీసి చేతికిచ్చింది. అత్తగారు చదివి, వెనక్కి తిప్పి చూసి, ఇంకేమీ లేదని తేల్చుకుని, "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు," అంది. "వీడు మద్దెల బాగానే ఉంది, వినేవాళ్ళకే చెవుడంటున్నాడు."

సాయంత్రం భర్త వచ్చాడు. దంతవైద్యుల కోసం కట్టుడు పళ్ళు తయారుచేసే పని అతనిది. ఊరందరికీ పళ్ళు చేసిపెడతాడు గానీ తాను మాత్రం ఎవరినీ కరవడని అతని తల్లే అంటుంది. మోకాలికి కట్టు కట్టి, అంతా విని, మెల్లగా అన్నాడు.

"పోనీలే. వాళ్ళతో మనకెందుకు గొడవ? ఈ బండి అమ్మేసి చిన్న స్కూటర్ చూద్దాం."

"మీరూ అదే అంటున్నారా?"

"నేనన్నది నీ మంచికే కదా."

"నా మంచికే అతనూ అన్నాడు. స్కూటర్ మీద ఇరవై కిలోల రాళ్ళు పెట్టుకుని ఆ రైల్వే గేటు ఎత్తు ఎక్కగలనా? మీకు తెలియదా? బండి సర్వీసు నుంచి వచ్చిన ఈ పది రోజులూ నేనేం చేశానో తెలుసా?" "రోజూ పొద్దున స్నానాలగదిలో తలుపేసుకుని ఈ చెయ్యి ముడిచి తెరిచి చూసుకున్నాను. నిజంగానే పట్టు ఇంకా పోతోందేమో, నేనే ఏదో తప్పు చేస్తున్నానేమో అని. బండి పాడైతే బండిని అనుమానించాలి గానీ నన్ను నేను అనుమానించుకునేలా చేశారండీ వాళ్ళు."

అతను లేచి వెళ్ళి నొక్కుకుపోయిన ఇత్తడి రాయి చేతిలోకి తీసుకున్నాడు. పంటి మీద వెంట్రుకవాసి ఎత్తుపల్లాలను వేలితో పట్టేసే మనిషి, ఆ అంచు మీద బొటనవేలు రెండుసార్లు నడిపాడు. తర్వాత పెట్టెలో పెట్టేసి, "నువ్వు పడలేదు. పడేశారు," అన్నాడు.

మర్నాడు ఆమె పనికి వెళ్ళలేదు. ఫోను పట్టుకుని కూర్చుంది. ఇదే రకం బండ్లు నడిపేవాళ్ళు ఇంటర్నెట్లో రాసుకునే చోట్లు వెతికింది. ఒకచోట ఎవరో, మెకానిక్‌లు చూసుకునే పుస్తకంలోని ఒక పేజీకి ఫోటో తీసి పెట్టారు. అందులో ఇలా ఉంది. క్లచ్ మూత విప్పినా, లోపలి భాగాలు కదిలించినా, ఒక్కో క్లచ్ ఎక్కడ తగులుకుంటుందో బండి కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించాలి, అంటే క్లచ్ రీసెట్ చేయాలి. నేర్పించకపోతే అది పాత కొలతతోనే పట్టుకోవడం, వదలడం చేస్తుంది. కుదుపు వస్తుంది. ఎర్రర్ మాత్రం చూపించదు.

చివరి ముక్క దగ్గర ఆమె ఆగిపోయింది. ఎర్రర్ మాత్రం చూపించదు.

"అత్తయ్యా!" అని కేకేసింది. "దీనికి సున్నా పోయిందంతే. పళ్ళెం మార్చిన కాటాకి సున్నా చూపించకుండా దుకాణదారు చేతికిచ్చి, తూకం తప్పొస్తే సరుకుదే తప్పన్నట్టుంది వీళ్ళ పని."

ఒక్క పేజీని నమ్మడం ఆమె పద్ధతి కాదు. ఒక రాయిని ఇంకో రెండు రాళ్ళతో పోల్చి చూసినట్టు, వేరేచోట్ల ముగ్గురు రాసింది చదివింది. నాలుగూ ఒకే మాట చెప్పాయి. తన బండి రకమేనా, అదే సంవత్సరందేనా అని కూడా సరిచూసుకుంది. పనిముట్లు అక్కర్లేదు, బోల్టు ఒక్కటి విప్పక్కర్లేదు. బండి మీద ఉన్న మీటలతోనే అయిపోతుంది. అంతా కలిపి పావుగంట.

అయితే ఒక చిక్కుంది. ఎడమ హ్యాండిల్ మీద గేరు తగ్గించే మీట, కుడి హ్యాండిల్ మీద బండిని గేరులో పెట్టే డ్రైవ్ మీట రెండూ ఒకేసారి నొక్కి పట్టుకుని, పట్టు వదలకుండా తాళం తిప్పాలి. ఆమె ఎడమ బొటనవేలు మీటను నొక్కగలదు, పట్టి ఉంచలేదు. అదటుంచితే, రెండు చేతులూ బాగున్నవాళ్ళకైనా తాళం తిప్పడానికి మూడో చెయ్యి కావాలి.

"మీట నొక్కడానికి నేను లేనా?" అంది అత్తగారు. "ముప్పై రెండేళ్ళు ఇంకేం చేశాననుకున్నావ్?"

ఆదివారం పొద్దున ముగ్గురూ మెట్ల కింద బండ్లు పెట్టుకునే చోట చేరారు. ఇంజిన్ బాగా వేడెక్కాలని ఆమె వీధిలోనే నెమ్మదిగా నాలుగు చుట్లు తిరిగి వచ్చింది. ప్రతి చుట్టులోనూ మూడు కుదుపులు. నేల చదునుగా ఉన్నచోట స్టాండు వేసి ఇంజిన్ ఆపింది. పొగ లోపలే నిలిచిపోకుండా భర్త రెండు గేట్లూ బార్లా తెరిచాడు. అత్తగారు ఎడమవైపు నిలబడింది. ఆమె కుడివైపు నిలబడి డ్రైవ్ మీట మీద వేలు పెట్టింది. భర్త తాళం పట్టుకుని ముందుకు వంగాడు. మెట్టు మీద ఫోటో పేజీ తెరిచిన ఫోను.

"నేను అన్నప్పుడే తిప్పాలి," అంది ఆమె.

"సరే."

"నొక్కండి అత్తయ్యా."

అతను తిప్పేశాడు.

"నిన్నా తిప్పమంది?" అంది తల్లి.

"నొక్కండి అంది కదా!"

"నన్ను నొక్కమంది. నిన్ను తిప్పమనలేదు. ఇలాంటివాడు ఎక్స్ఛేంజ్‌లో ఉంటే ఒకడి పెళ్ళాన్ని ఇంకొకడికి కలిపేసేవాడు."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తాళం సరిగానే తిరిగింది. తెర మీద గేరు అంకె ఉండాల్సిన చోట చిన్న గీత వెలిగింది. మీటలు వదిలి, డ్రైవ్, న్యూట్రల్, మళ్ళీ డ్రైవ్ నొక్కి ఇంజిన్ స్టార్ట్ చేసింది. గీత రెప్పలు కొట్టినట్టు మూడుసార్లు మినుకుమని ఆరిపోయింది. కుదరలేదు.

పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. "ఆదివారం పూట ఏంటండీ ఆ మోత?" అని ఎవరిదో గొంతు.

"బండికి పాఠం చెప్తున్నాం," అంది అత్తగారు తల ఎత్తకుండా. "అయిదు నిమిషాలు ఓపిక పట్టండి."

ఆమె పేజీ మళ్ళీ మొదటినుంచి చదివింది. వాదులాటల్లో ఇంజిన్ చల్లారిపోయింది. వేడి తగ్గితే నేర్చుకోదని రెండో వాక్యంలోనే ఉంది. మళ్ళీ నాలుగు చుట్లు తిరిగి వచ్చింది. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు మీట నొక్కి పట్టుకుని, ట్రంకు కాల్ కలిపే రోజుల్లోలా తూచినట్టు లెక్కపెట్టింది. గీత వెలిగింది. డ్రైవ్, న్యూట్రల్, డ్రైవ్. ఇంజిన్ అందుకుంది. గీత పోయి, నేర్చుకుంటోందనడానికి గుర్తుగా ఎల్ అనే అక్షరం వచ్చింది.

"ఇప్పుడు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు," అంది ఆమె.

ఇంజిన్ చప్పుడు ఉన్నట్టుండి తగ్గింది, ఆగిపోతుందేమో అన్నంతగా. భర్త చెయ్యి యాక్సిలరేటర్ వైపు వెళ్ళింది. తల్లి దాని మీద ఫట్‌మని ఒకటేసింది. లోపల ఎక్కడో టక్ మంది. చప్పుడు మళ్ళీ పుంజుకుంది. కాసేపటికి ఇంకో టక్. ఒక క్లచ్ తర్వాత ఇంకొకటి తన తగులుచోటు వెతుక్కుంటోందని ఆమెకు అర్థమైంది. కాటా మీద రాయి పెట్టి అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టడం ఆమెకు అలవాటే. ఎల్ ఆరిపోయింది. నేర్చుకోవడం అయిపోయిందన్నట్టు న్యూట్రల్ గుర్తు ఎన్ వెలిగింది.

ఆమె హెల్మెట్ పెట్టుకుని బయటికి వెళ్ళింది. వీధి చివరికి, అక్కడినుంచి రైల్వే గేటుకు, గేటు దాటి ఎత్తు మీదికి. మొదటి గేరు నుంచి రెండోది ఎప్పుడు పడిందో చెవికి తెలిసింది గానీ ఒంటికి తెలియలేదు. తాను పడిన మలుపులో కావాలనే వేగం తగ్గించింది. బండి నూనె రాసిన తాడులా ఒంపు తిరిగింది. మళ్ళీ తిప్పుకుని వచ్చి ఇంకోసారి అదే మలుపు తీసుకుంది. మూడోసారి కూడా.

సంతోషం రావలసిన చోట ఆమెకు కోపమే వచ్చింది. పావుగంట పని. ఆ పావుగంట వెచ్చించకుండా వాళ్ళు ఆమె చేతి మీద నెపం పెట్టారు. మూడు వారాలు బండి ఆపేస్తామన్నారు. బస్సు ఇంకో రెండు అడుగులు ముందుకు వచ్చి ఉంటే ఆ కాగితమే సాక్ష్యమయ్యేది. నడిపేవారి లోపం అని సంతకంతో సహా ఉంది కదా.

"బాగైందా?" అని అడిగాడు భర్త, గేటు దగ్గర నిలబడి.

"బండి బాగైంది," అంది.

సోమవారం పొద్దున సర్వీస్ సెంటర్ తలుపులు తెరిచేసరికి ఆమె అక్కడ ఉంది. వెనక సీటు మీదనుంచి అత్తగారు హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటూ దిగింది. రావద్దంటే వినలేదు. సూపర్‌వైజర్ ఇంకా టై ముడి బిగించుకుంటున్నాడు.

ఆమె కాగితం కౌంటర్ మీద పరిచింది. "ఈ రెండు మాటలు కొట్టేసి, జరిగింది రాయండి. మూత విప్పినప్పుడు మీరు క్లచ్ రీసెట్ చేయలేదు. నిన్న ఇంట్లో నేను చేశాను. కుదుపు పోయింది. నడిపి చూసుకోండి."

"ఇంట్లో చేశారా?" అతని ముఖం వెలిగింది. "అయితే మేడమ్, వారంటీ పోయినట్టే. కస్టమర్లు కంప్యూటర్ సెట్టింగులు ముట్టుకోకూడదు."

అత్తగారు ముందుకు వచ్చింది. "మొన్న బండిలో లోపమే లేదన్నావు నాయనా. ఇవాళ లోపం సరిచేసినందుకు తప్పంటున్నావు. లోపం లేని బండికి మేం సరిచేసిందేమిటి?"

"పెద్దవారు, మీకు ఇవన్నీ అర్థం కావండీ."

"నాకు అర్థం కాలేదని నిన్నే అడుగుతున్నాను కదా. చెప్పు."

అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బ్యాలెన్స్ అన్నాడు, రోడ్డు అన్నాడు, పెట్రోలు అన్నాడు. బండి దిగుతున్న కస్టమర్లు ఒక్కొక్కరే కౌంటర్ చుట్టూ చేరారు. పొడుగాటి కొరియర్ మనిషి ఒకడు, "నాకూ ఇదే రాశారండీ, బ్రేకుల విషయంలో," అన్నాడు.

"ఎవరికి ఏం రాయాలో మాకు తెలుసు!" అని సూపర్‌వైజర్ గొంతు పెంచాడు.

అప్పుడు షెడ్డులోంచి పెద్ద మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. సూపర్‌వైజర్‌ను చూడకుండా ఆమెతోనే చెప్పాడు.

"ఆవేళ మూత బిగించింది నేనేనమ్మా. రీసెట్ చెయ్యాలని చెప్పాను. ఇంజిన్ వేడెక్కేదాకా ఆగాలి కదా, అవతల పద్నాలుగు బండ్లున్నాయి, ఇచ్చెయ్ అన్నారు. మొన్న మీరు వచ్చినప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు."

సూపర్‌వైజర్ చెవులు ఎర్రబడ్డాయి. చటుక్కున కలం తీసి ఆ రెండు మాటలు కొట్టేశాడు. "అదీ సంగతి. ముందే చెప్పొచ్చుగా!" అంటూ పక్కన రాయడం మొదలుపెట్టాడు. ఆమె తలకిందులుగానే చదివింది. మెకానిక్ లోప...

ఆమె ఎడమచెయ్యి చాచి కాగితం మీద పెట్టింది. కలం ఆగిపోయింది.

"ఆయన లోపం కాదు," అంది. ఇప్పుడు గొంతు పెంచింది. "చెయ్యాలన్నది ఆయన. వద్దన్నది మీరు. మొన్న నా నెత్తిన రుద్దారు. ఇవాళ నేను ఒప్పుకోకపోతే ఆయన నెత్తిన. ఎప్పుడూ మీకంటే కిందున్నవాళ్ళకే ఎందుకు వస్తుందండీ లోపం?"

"మేడమ్, చెయ్యి తియ్యండి."

"తియ్యను. దీనికి పట్టు లేదన్నారుగా. లాక్కోండి చూద్దాం."

అతను లాగలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు. పై మేనేజర్‌కు ఫోన్ చేస్తానన్నాడు. అత్తగారు "స్పీకర్‌లో పెట్టు," అంది. పెట్టక తప్పలేదు. అవతలి గొంతు విషయం వినకుండానే, కస్టమర్ సంతృప్తి తమకు ముఖ్యమంటూ చిలకపలుకులు మొదలెట్టింది. అత్తగారు ఫోను దగ్గరికి వంగి, ఎక్స్ఛేంజ్ గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఏ తేదీన మూత విప్పారు, ఎవరు ఏమన్నారు, ఏం రాశారు, కోడలు ఎక్కడ పడింది, బస్సు ఎంత దూరంలో ఆగింది. మధ్యలో అవతలి మనిషి "ఒక్క నిమిషం మేడమ్" అంటే, "నేను ముగించాక మీ నిమిషం మీకిస్తాను," అంది.

నలభై నిమిషాలు పట్టింది. చివరికి సూపర్‌వైజర్ కొత్త కాగితం తీసి, సర్వీసు తర్వాత క్లచ్ రీసెట్ చేయకుండా బండి అప్పగించబడినది, సర్వీస్ సెంటర్ లోపం అని రాసి, సంతకం పెట్టి ముద్ర వేశాడు. వారంటీ ఎప్పటిలాగే ఉంటుందని ఇంకో వాక్యం ఆమె దగ్గరుండి రాయించుకుంది. అప్పగించబడినది ఏంటి, అప్పగించాం అని రాయలేరా అని అత్తగారు సణిగింది గానీ అక్కడితో వదిలేసింది. క్షమించమన్న మాట ఎవరి నోటా రాలేదు. నొక్కుకుపోయిన రాయి సంగతి అడిగితే, దానికీ తమకూ సంబంధం లేదన్నాడు. ఆ రాయి బీరువా మీద ఇప్పటికీ అలాగే ఉంది. పనికి వేరేది తెచ్చుకుంది.

బయటికి వస్తూ ఆమె షెడ్డు దగ్గర ఆగింది. "అన్నా, మీకేం ఇబ్బంది రాదు కదా?"

మెకానిక్ నవ్వాడు. "వస్తే వచ్చిందిలేమ్మా. మొన్నటినుంచీ అన్నం సయించలేదు. ఇవాళ తింటాను."

రెండు వారాలు గడిచాయి. ఆ వీధిలోనే కూరగాయల టోకు దుకాణంలో కాటా ఆగిపోయిందంటే ఆమె అటువైపు వెళ్ళింది. సర్వీస్ సెంటర్ గేటుకు కొత్త బోర్డు కనిపించింది. ఎర్ర అక్షరాలు, కింద ముద్ర. ఇంట్లో సొంతంగా రీసెట్ చేసిన బండ్లకు యాజమాన్యం బాధ్యత వహించదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని నవ్వు వచ్చింది మొదట. బండి ఆపి గేటులోంచి చూసింది. షెడ్డులో పెద్ద మెకానిక్ ఉండే చోట వేరే మనిషి ఉన్నాడు. పెద్దాయన అవతల, బండ్లు కడిగే గోడ దగ్గర, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి, వెళ్ళిపొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె లోపలికే వెళ్ళింది.

"ఎన్నాళ్ళుగా అన్నా?"

"ఆ మర్నాటినుంచే. ఒక నెలేనన్నారు. వదిలెయ్యమ్మా, నీళ్ళేగా."

ఇరవై ఆరేళ్ళు ఇంజిన్లు విప్పిన చేతులు సబ్బునీళ్ళకు ముడతలు పడి తెల్లబడ్డాయి. ఆమె ఆ చేతుల వైపు చూసి కౌంటర్ దగ్గరికి నడిచింది. సూపర్‌వైజర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ ఏంటి మేడమ్? మీ కాగితం మీకిచ్చేశాం కదా."

"ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి."

"మీ బండికి ఏమైంది?"

"నా బండికేం కాలేదు. పుస్తకం ఇవ్వండి."

అతను సొరుగులన్నీ వెతికినట్టు నటించి, చివరికి దుమ్ము పట్టిన పొడుగు పుస్తకం తీసి పెట్టాడు. అందులో మొదటి రెండు పేజీల్లోనే ఏవో పాత రాతలున్నాయి, మిగతావన్నీ ఖాళీ. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. టోకు దుకాణానికి ఫోన్ చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పింది. ఎడమచేత్తో పేజీ కదలకుండా అదిమిపట్టుకుని, తేదీ వేసి, ఆయిల్ కారిన రోజు నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ పోయింది. ఎవరు చెయ్యాలన్నారో, ఎవరు వద్దన్నారో, నిజం చెప్పిన మనిషి ఇవాళ ఎక్కడ నిలబడి ఉన్నాడో రాసింది. సూపర్‌వైజర్ రెండుసార్లు దగ్గి, ఒకసారి టీ తాగుతారా అని అడిగాడు. ఆమె తల ఎత్తలేదు. పేజీ అయిపోయింది. తిప్పి రెండో పేజీ మొదలుపెట్టింది.